బావి ఈతకు జనవరి గంగ తెలియదు

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. మాది వనపర్తి జిల్లాలో కృష్ణ ఒడ్డుకు దగ్గరి ఊరు. హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్లుగా వీలు దొరికినప్పుడల్లా వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి బావిలో ఈత కొట్టినదాన్ని, నీళ్లంటే భయం లేదు. జనవరి చివర్లో ఐదుగురు ఫ్రెండ్స్‌మి రిషికేశ్ వెళ్లి రెండు రోజులు వైట్‌వాటర్ కయాకింగ్, అంటే రాళ్ల మధ్య నురగలెత్తి ఉరికే నీళ్లలో కయాక్ నడపడం, చేద్దామనుకుంటున్నాం. దానికి ప్రాక్టీసుగా సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు జూరాల డ్యాం కింద రాళ్ల మధ్య పారే నీళ్లలో ఒకరోజు ట్రై చేద్దామని మా చిన్నాన్న కొడుకు అంటున్నాడు. చలి నిజంగా అంత సమస్యా? స్వెటర్, జెర్కిన్ సరిపోవా? నాన్నేమో "నీళ్లతో ఆటలేంది, వద్దు" అంటున్నారు. ఆయనకు చెప్పి వెళ్లాలా, చెప్పకుండా వెళ్లాలా అని ఒకటే టెన్షన్.

సమాధానం:

చెల్లె, నీ ఉత్తరంలో "బావిలో ఈత కొట్టినదాన్ని" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనూ ఆ బాపతే. మాది దేవరకొండ వైపు. వీపుకు బెండ్లు కట్టి మా నాయన నన్ను మోటబావిలోకి తోసినప్పుడు నాకు ఏడేళ్లు. మెట్ల మీది నుంచి దుంకడం, అడుగుకు పోయి మట్టి తెచ్చి చూపించడం, అన్నీ చేసినదాన్నే. అందుకే నీ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అది ఎక్కడ పనికిరాదో కూడా తెలుసు.

ఒకటి గుర్తు తెచ్చుకో. చలికాలం పొద్దున్నే బావి దగ్గరికి పోతే నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తుంటుంది. ఒడ్డున నిలబడితే పళ్లు కొట్టుకుంటాయి, నీళ్లలోకి దిగితే హాయిగా ఉంటుంది. బోరు నీళ్లూ అంతే, జనవరిలో గోరువెచ్చగా వస్తాయి. భూమి లోపలి నీళ్ల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి బయట చలి పెరిగేకొద్దీ అవి మనకు వెచ్చగా తగులుతాయి. అంటే మన పాలమూరు, నల్లగొండ పిల్లలు చలికాలంలో నేర్చుకునే పాఠం ఏమిటంటే: చలి గాలిలో ఉంటుంది, నీళ్లలోకి దూకితే పోతుంది. ఇరవై ఏళ్లు ఒంటికి పట్టిన పాఠం ఇది. రిషికేశ్‌లో జనవరిలో సరిగ్గా దీనికి తలకిందులు. మధ్యాహ్నం ఒడ్డున ఎండ బాగానే ఉంటుంది, స్వెటర్ విప్పేస్తావు కూడా. హిమాలయాల నుంచి దిగే ఆ గంగ నీళ్లు మాత్రం 15 డిగ్రీల కంటే బాగా తక్కువలో ఉంటాయి.

అంత చల్లటి నీళ్లలో అకస్మాత్తుగా పడితే ఏమవుతుందో తెలియడం ముఖ్యం, ఎందుకంటే అందరూ అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి. ఒళ్లు గడ్డకట్టి చనిపోతామని అనుకుంటారు. దానికి చాలాసేపు పడుతుంది. ముందు జరిగేది ఊపిరికి సంబంధించింది. చన్నీళ్లు చర్మానికి తగలగానే మన ప్రమేయం లేకుండా గుండెల నిండా ఒక్కసారి గాలి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే లోపలికి పోయేది గాలి కాదు. తర్వాత కొద్దిసేపు ఆయాసం, ఎంత ఆపుకున్నా ఆగని ఎగశ్వాస. బావిలో రెండు నిమిషాలు మునిగి ఉండగలిగిన మనిషి కూడా అక్కడ పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టలేదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో దీనిమీద పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని తేలిగ్గా గుర్తుండేలా చెప్పారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులు, కాళ్లు చెప్పిన మాట వినేది ఇంచుమించు 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పే దాకా సుమారు 1 గంట. బాగా చల్లటి నీళ్లకు, లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషికి చెప్పిన లెక్క ఇది. లైఫ్ జాకెట్ లేని వాళ్లకు మూడో అంకె దాకా వెళ్లే అవకాశమే ఉండదు.

ఆ మధ్యలో ఉన్న 10 నిమిషాల సంగతి నాకు అనుభవం. మొదటిసారి జనవరిలో గంగలో కయాక్ దింపినప్పుడు ఒకచోట అద్దెకు తీసుకున్న వెట్‌సూట్, అంటే ఒంటికి పట్టేసే రబ్బరు సూట్, నాకు రెండు సైజులు పెద్దది. "అడ్జస్ట్ అయిపోతుంది మేడమ్" అన్నారు, నేనూ అయిపోయాను. వెట్‌సూట్ పనిచేసే తీరు వేరు. అది నీళ్లను ఆపదు. ఒంటికీ రబ్బరుకూ మధ్య కొంచెం నీటిని పట్టి ఉంచి, మన ఒంటి వేడితోనే దాన్ని వెచ్చబరుస్తుంది. వదులుగా ఉంటే మెడ దగ్గర చల్లనీళ్లు లోపలికి, కాళ్ల దగ్గర వెచ్చనీళ్లు బయటికి పోతూనే ఉంటాయి. రెండో రాపిడ్‌లో, అంటే రాళ్ల మీది నుంచి నీళ్లు ఉరికే చోట, బోల్తా పడ్డాను. పడవలోంచి బయటికి రావడం వచ్చు కాబట్టి వచ్చేశాను. ఒడ్డుకు చేరడానికి ఎంతసేపు పట్టిందో లెక్క లేదు, ఐదారు నిమిషాలు కావచ్చు. ఇసుకలో కూలబడి, తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తిప్పబోతే వేళ్లు మూసుకోవు. రెండు అరచేతుల మధ్య పెట్టి, పళ్లతో పట్టి, ఎట్లా తిప్పినా రాదు. పక్కన పదేళ్ల పిల్లాడొకడు వచ్చి తీసి ఇచ్చాడు. ఆ మూతే తీయలేని వేళ్లతో కొద్దిసేపటి ముందు నేను నా ప్రాణం కాపాడుకోవాల్సిన పట్టీ లాగాను. ఒక నిమిషం ఆలస్యమై ఉంటే?

ఆ పట్టీ ఏమిటో చెప్పాలి, ఎందుకంటే కోట్‌పల్లిలో నువ్వు దాన్ని వాడి ఉండవు. చెరువుల్లో, రిజర్వాయర్లలో మనం కూర్చునేది ఎక్కువగా పైన తెరిచి ఉన్న కయాక్. బోల్తా పడితే పక్కకు జారిపోతాం, నవ్వుకుంటూ మళ్లీ ఎక్కుతాం. వైట్‌వాటర్ కయాక్ పొట్టిగా ఉంటుంది. నడుము దాకా అందులో దిగి, మోకాళ్లు లోపలి అంచులకు తన్నిపెట్టి కూర్చోవాలి. నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ స్ప్రే స్కర్ట్ అనే రబ్బరు గుడ్డ బిగిస్తారు. బోల్తా పడితే తల కింద, పడవ పైన, నువ్వు దానికి బిగిసి ఉంటావు. అప్పుడు ముందుకు వంగి, స్కర్ట్ ముందున్న పట్టీని లాగి, ప్యాంటు విప్పినట్టు పడవను కాళ్ల మీది నుంచి నెట్టేసి బయటపడాలి. దీన్ని వెట్ ఎగ్జిట్ అంటారు. పడవలోనే ఉండి తెడ్డుతో, నడుము విసురుతో తిరిగి నిటారుగా లేవడాన్ని రోల్ అంటారు. వెట్ ఎగ్జిట్ ఒక పూటలో వస్తుంది. నమ్ముకోదగ్గ రోల్ రెండు రోజుల్లో ఎవరికీ రాదు. వచ్చిందని ఎవరైనా చెబితే అది స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిందని అర్థం.

కాబట్టి నీ రెండు రోజుల ప్లాన్ గురించి నా మాట: జనవరిలో, రిషికేశ్‌లో, మొదటిసారి, వద్దు. నువ్వు చేయలేవని కాదు. రోల్ రాని మనిషి పడిన ప్రతిసారీ నీళ్లలో ఈదాల్సిందే, కొత్తలో రోజుకు పది సార్లు పడతాం. వెచ్చటి నీళ్లలో పది సార్లు పడితే పది పాఠాలు. గంగలో మూడోసారికే పాఠం ఆగిపోతుంది, వణుకు మొదలవుతుంది. మిగతా రోజంతా పడకుండా ఉండటానికే చూస్తావు. పడటానికి భయపడేవాళ్లు నేర్చుకోలేరు.

ఇంకో లెక్క కూడా ఉంది. రాపిడ్లను 1 నుంచి 6 దాకా గ్రేడ్లుగా చెబుతారు. 1 అంటే చిన్న అలలు, 6 అంటే ఆరితేరినవాళ్లు కూడా ఆలోచించేది. నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆ నదిని ఒక గ్రేడు పైకి లెక్క వేసుకోవాలన్నది అమెరికా కయాకింగ్ వాళ్ల పద్ధతి. శివపురి నుంచి రిషికేశ్ దాకా వచ్చే దారిలో గోల్ఫ్ కోర్స్ లాంటి రాపిడ్లు మామూలు రోజుల్లోనే కొత్తవాళ్లకు ఎక్కువ. మీ ఆఫీసువాళ్లెవరైనా రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన పెద్ద రబ్బరు పడవలో, కేకలు వేసుకుంటూ దాటేసి ఉంటారు, అది వేరే కథ. రాఫ్ట్‌లో ఎనిమిది మంది, వెనక గైడ్. కయాక్‌లో నువ్వొక్కదానివే.

అయితే మరి చలికాలంలో ఎక్కడికి పోవాలి? మనకు దగ్గరలోనే దారి ఉంది. రాయచూరు మీదుగా హుబ్బళ్లి దాటితే దాండేలి, కాళీ నది. మహారాష్ట్ర వైపు అయితే కోలాడ్ దగ్గర కుండలిక. రెండూ వానల మీద కాకుండా పైన కరెంటు తయారయ్యాక వదిలే నీళ్ల మీద ఆధారపడ్డ నదులు. అందుకే చలికాలంలోనూ పారతాయి. కుండలికలో నీళ్లు పొద్దున వదులుతారు, ఆ పూట దాటితే నది వట్టిదైపోతుంది, కాబట్టి ముందే ఫోన్ చేసి ఆ రోజు నీళ్లు ఉన్నాయో లేదో కనుక్కుని బయల్దేరాలి. నీళ్లు మన వాగు నీళ్లలాగే ఉంటాయి. ఎన్నిసార్లు పడినా చలితో ఏమీ కాదు. రిషికేశ్ ఎక్కడికీ పోదు. మార్చి, ఏప్రిల్‌లో ఐదు రోజులు సెలవు పెట్టి వెళ్లు.

మీ వాళ్లు టికెట్లు తీసేసుకున్నారు, జనవరిలోనే వెళ్లక తప్పదు అంటే విను. నీ స్వెటర్, జెర్కిన్ ఒడ్డున టీ తాగడానికి. నీళ్లలో స్వెటర్ బరువవుతుంది, జీన్స్, కాటన్ టీషర్ట్ ఇంకా అన్యాయం. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని వేడిని లాగుతూనే ఉంటుంది. గాలి కంటే నీళ్లు మన వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి, తడి నూలు ఆ పనిలో నీళ్లకు సాయం. ఒంటికి పట్టినట్టుండే మందపాటి వెట్‌సూట్, దాని మీద గాలి చొరని జాకెట్, కాళ్లకు వెట్‌సూట్ రబ్బరుతోనే చేసిన నియోప్రీన్ బూట్లు, హెల్మెట్ కింద చెవులు కప్పే పల్చని టోపీ. నీళ్లను అసలు లోపలికి రానివ్వని డ్రైసూట్ దొరికితే ఇంకా మంచిది, మన దగ్గర అద్దెకు దొరకడం కష్టం. లైఫ్ జాకెట్ వేసుకుని భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమను. అది చెవుల దాకా లేచిందంటే నీకు పెద్దది, మార్చుకో. "అడ్జస్ట్" కావద్దు. మొహమాటపడితే ఏమవుతుందో పైన చెప్పాను.

పడవ ఎక్కే ముందు ఒడ్డున మోకాలి లోతులో నిలబడి ముఖం మీద, మెడ మీద నీళ్లు చల్లుకో. ఆ మొదటి ఎగశ్వాస అక్కడే అయిపోనివ్వు. పడ్డాక ఈదడానికి తొందరపడకు. ఒక నిమిషం వెల్లకిలా తేలి ఊపిరి సరిచేసుకో, తర్వాత ఈదు. పాదాలు పైకి, ప్రవాహం పోయే వైపుకు ఉండాలి, రాయి వస్తే ముందు కాళ్లు తగలాలి. పారే నీళ్లలో నిలబడటానికి ఎప్పుడూ ప్రయత్నించకు. బావి ఈతగాళ్లం మనం చేసే మొదటి తప్పు ఇదే: కాలికి నేల తగలగానే లేచి నిలబడతాం. రెండు రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నడుము లోతు నీళ్లు చాలు, ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. ఇది గంగకే కాదు, వానాకాలంలో మన డిండి వాగు దాటే వాళ్లకు కూడా.

మీలో ఎవరైనా గజగజ వణుకుతుంటే ఆ పూటకు చాలించండి. వణుకుతున్న మనిషి వణకడం ఆపేసి, మాట ముద్దగా వస్తూ, "నాకేం కాలేదు" అంటుంటే అది తగ్గడం కాదు, ముదరడం. తడి బట్టలు విప్పి, పొడివి తొడిగి, దుప్పటి చుట్టి, పూర్తి తెలివితో ఉండి మింగగలిగితేనే తియ్యటి టీ తాగించి, వెంటనే ఆస్పత్రి చూడండి. ఒక పెగ్గేస్తే వేడి వస్తుందని సలహా ఇచ్చేవాడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. మందు చర్మం దగ్గరి రక్తనాళాలను తెరిచి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. వాడి చేతికి కెమెరా ఇచ్చి ఒడ్డున కూర్చోబెట్టండి.

ఇక జూరాల. ఇక్కడ చలి సమస్య కానే కాదు, ఆ మాటకొస్తే సంక్రాంతికి కృష్ణ నీళ్లు బావి నీళ్లకు చుట్టాలే. మీ చిన్నాన్న కొడుకు, అదే మీ తమ్ముడి ఆలోచనలో తేడా వేరే చోట ఉంది. జనవరి నాటికి పై నుంచి వరద ఆగిపోతుంది, డ్యాం కింద బండలు తేలతాయి. అక్కడ పారే నీళ్లు నదివి కావు, డ్యాంవి. జూరాలలో నీళ్లతో కరెంటు తీసే యంత్రాలు, అంటే యూనిట్లు, 39 మెగావాట్లవి 6, కొంచెం దిగువన ఉన్న దిగువ జూరాలలో 40 మెగావాట్లవి 6 యూనిట్లు ఉన్నాయి. నీళ్లు ఉన్నప్పుడు ఏ యూనిట్ ఎప్పుడు నడపాలన్నది కరెంటు అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేకుండానే నువ్వు నిలబడ్డ బండ చుట్టూ నీళ్లు పెరగొచ్చు. బట్టలుతకడానికి, చేపలకు పోయినవాళ్లు ఇట్లా బండల మీద చిక్కుకోవడం డ్యాముల కింద కొత్త కాదు. పైగా బండల మీద ఎండ కాచుకునేది మనుషులే కాదు. కృష్ణలో మొసళ్లున్నాయి, చలికాలంలో అవి పొద్దెక్కాక గట్టు మీదికి చేరతాయి. పుట్టి వేసే జాలరులను అడిగితే ఏ మడుగు దగ్గర ఉంటాయో చెబుతారు. వాళ్ల వలలు ఎక్కడ కట్టి ఉన్నాయో కూడా అడుగు, వలలో చిక్కిన కాలిని లైఫ్ జాకెట్ విడిపించలేదు.

నాకు జూరాల కంటే ఎక్కువ భయం ఇంకొకటి. అక్కడ అనుమతి లేదంటారు, సరే, మీ తమ్ముడు వెంటనే "అయితే మన వాగు మీది చెక్‌డ్యాం దగ్గర చేద్దాం, చిన్నదే కదా, నాలుగడుగులే" అంటాడు. అనకపోతే నా పేరు మార్చుకుంటాను. చెరువు మత్తడి దుంకుతుంటే చూడటానికి ఊరంతా పోతుంది కదా, నువ్వూ పోయి ఉంటావు. ఈసారి కింద నురగను చూడు. ఒక ప్లాస్టిక్ సీసానో, చెప్పో పడి ఉంటుంది. అది కిందికి కొట్టుకుపోదు. గోడ దగ్గరికి వస్తుంది, మునుగుతుంది, నాలుగడుగుల అవతల తేలుతుంది, మళ్లీ గోడ దగ్గరికే వస్తుంది. అరగంట చూసినా అక్కడే ఆడుతుంటుంది. గోడ మీది నుంచి పడిన నీళ్లు అడుగుకు పోయి పైకి లేచి వెనక్కి తిరుగుతాయి, అందుకు. కొండనదిలో రాళ్ల మధ్య ఇట్లాంటి సుడికి పక్కన ఎక్కడో సందు ఉంటుంది, ఈదేవాళ్లు అందులోంచి జారిపోతారు. మనిషి కట్టిన మత్తడికి, కత్వకు, చెక్‌డ్యాంకు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గీత గీసినట్టు ఒకే ఎత్తు. సందు ఉండదు. నురగలో సగం గాలే కాబట్టి మనిషి తేలడు, తెడ్డు పట్టదు. ఇంగ్లిష్‌లో వీటిని ముంచే యంత్రాలని పిలుస్తారు. ఆ సీసా స్థానంలో ఎవరైనా పడితే కాపాడటానికి దూకకండి, దూకినవాళ్లు రెండో సీసా అవుతారు. గట్టు మీది నుంచి తాడు విసరాలి. అందుకే కయాకింగ్‌కు పోయేవాళ్ల దగ్గర థ్రో బ్యాగ్, అంటే తాడు చుట్టి పెట్టిన సంచి, తప్పకుండా ఉండాలి. మూసీ మీద కత్వలు చాలానే ఉన్నాయి, వాటి సంగతీ ఇంతే, ఆ నీళ్లు నోట్లోకి పోతే వచ్చే జబ్బులు అదనం.

సంక్రాంతికి ఏదో ఒకటి చేయాలనుంటే కోట్‌పల్లికే పోండి. లేదా సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, అక్కడి పడవ వాళ్లను మొసళ్లు, వలల సంగతి అడిగాకే, గాలి లేవక ముందు పొద్దున పూట. కయాకింగ్ తెలిసినవాళ్లను వెంటపెట్టుకుని, స్కర్ట్ ఉన్న కయాక్ సంపాదించి, ఒక పూటంతా బోల్తా పడటం మీదే పెట్టండి. ఎడమ వైపు పది, కుడి వైపు పది. తర్వాత కళ్లు మూసుకుని పది. ఆ తర్వాత మీ తమ్ముడు పడవను చెప్పకుండా తిప్పేయాలి. చివరగా వంటగదిలో వాడే మందపాటి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని పట్టీ దొరకబుచ్చుకుని చూడు. మొద్దుబారిన వేళ్లు ఎట్లా ఉంటాయో వెచ్చటి నీళ్లలో తెలుసుకోవడానికి నాకు తెలిసిన ఒకే ఉపాయం అది.

నాన్న సంగతి. చెప్పే వెళ్లు. ఆయన "వద్దు" అనడానికి కారణం నీ ఉత్తరంలోనే ఉంది, కృష్ణ ఒడ్డు మనిషి. నది ఎవరెవరిని తీసుకుపోయిందో ఆ ఊళ్లో ఆయనకు పేర్లతో సహా తెలిసి ఉంటుంది. అట్లాంటి మనిషికి వాట్సాప్‌లో రాపిడ్ వీడియో పంపి ఒప్పించలేవు. కోట్‌పల్లికి ఆయన్ను కూడా తీసుకుపో. గట్టు మీద కూర్చోబెట్టి థ్రో బ్యాగ్ చేతికివ్వు. బోల్తా పడి నువ్వు బయటికి వచ్చిన ప్రతిసారీ తాడు విసరడం ఆయన పని. నాలుగోసారికి ఆయనే నీ తప్పులు చెప్పడం మొదలుపెడతారు, మా నాయన అట్లాగే చేశాడు. అప్పుడు దాండేలి గురించి అడుగు. ఒప్పుకోకపోతే ఇంకో ఆదివారం తీసుకుపో.

సామాన్లు కొనేటప్పుడు బ్రాండ్ల గురించి నన్ను అడగకు, ఒంటికి పట్టిందే బ్రాండ్. ఫ్లాస్కు మాత్రం మెలితిప్పే మూతది కాకుండా, పైన నొక్కితే తెరుచుకునేది కొనుక్కో.